నాలుగింటికి మూసేసే పెట్టె

రూలంటే నాకు ఆ ఇనప పెట్టే గుర్తొస్తుంది. మా పేట ఆఫీసులో గోడవార ఉండేది. మేడల బ్లాకుల మెట్లూ వరండాలూ ఊడ్చే పని కావాలంటే, ఎంతకి చేస్తామో కాగితం మీద రాసి, కవరు అంటించి అందులో వెయ్యాలి. అందరికన్నా తక్కువ రాసినవాళ్ళకి పని. సాయంత్రం నాలుగింటికి పెట్టె మూసేస్తారు. ఆ తర్వాత ఎవరొచ్చినా అంతే.

మా ఆయన పేర చిన్న కంపెనీ. నలుగురం మనుషులం, అందులో ఇద్దరం మేమే. ఈ పరాయి దేశంలో మా పేట బుకిట్ పంజాంగ్‌లో ఆరు బ్లాకులు ఊడ్చేవాళ్ళం. రేటు ఆయన రాసి, కవరు మాత్రం నాచేత వేయించేవాడు, నా చెయ్యి మంచిదని.

"పని రాకపోతే నన్ను తిట్టడానికా?" అనేదాన్ని.

"మరింకెవర్ని తిట్టనే!" అని నవ్వేవాడు.

ఒకసారి నాలుగు దాటాక ఒక చైనా ముసలాయన వానలో తడిసి ముద్దయి వచ్చాడు. ఆయనదీ మాలాంటి కంపెనీయే. బస్సు రాలేదమ్మా, ఐదు నిమిషాలే కదా అని బతిమాలుకున్నాడు. ఆఫీసమ్మ మెత్తబడింది. మా ఆయన లేచి నిలబడి, "రూలు రూలే. అది తీసుకుంటే మేం ఊరుకోం" అన్నాడు. నేను చొక్కా పట్టుకు లాగాను.

"ఉండవే, మన కూడు పోద్ది" అని విదిలించుకున్నాడు. ముసలాయన కవరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పని మాకొచ్చింది.

ఆ కాంట్రాక్టు గడువు తీరింది, మళ్ళీ పెట్టె పెట్టారు. అప్పటికి మా బ్లాకు నిండా మన కంప్యూటరు పిల్లలు దిగిపోయారు. ఇకమీదట రేట్లు కూడా కంప్యూటర్లోనే వెయ్యాలంట, ఇదే ఆఖరి పెట్టె. "నీ చేతికి పని పోయిందే" అని ఆటపట్టించాడు. కవరు వేసిన పదో రోజున, చీపురు చేతిలో ఉండగానే మెట్ల మీద కూలబడ్డాడు. ఆస్పత్రిదాకా కూడా ఉండలేదు.

కర్మలయ్యాక ఆఫీసుకి రమ్మన్నారు. నాకు అంకెలొచ్చు. అందరి రేట్లూ రాసిన బోర్డు మీద చూశాను, అందరికన్నా తక్కువ మాదే. ఆయన ఊరెళ్ళాడని చెప్పు, సంతకం మేం గిలుకుతాం అన్నారు తెలిసినవాళ్ళు.

"సార్ రాలేదా అమ్మా?" అని అరవంలో అడిగింది ఆఫీసమ్మ.

నా నోరు అబద్ధానికి తిరగలేదు. చెప్పేశాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"కంపెనీ ఆయన ఒక్కడి పేరనే కదమ్మా. ఆయన లేకపోతే ఆ కవరూ లేనట్టే."

"ఊడ్చింది నేను కూడానమ్మా! ఇవాళ కూడా ఊడ్చే వచ్చాను."

"తెలుసమ్మా. రూలు..." అని తల దించుకుంది.

బయట బల్ల మీద ఆ ముసలాయన కూచుని ఉన్నాడు. రెండో రేటు ఆయనదేనంట. బొట్టులేని నా మొహం చూశాడు. ఇప్పుడు నవ్వుతాడు అనుకున్నాను.

"మకాన్ అయిందా?" అన్నాడు. ఇక్కడ అన్నం తిన్నావా అని అలాగే అడుగుతారు.

మర్నెల నుంచి అవే మెట్లు ఊడ్చాను, ఆ ముసలాయన కంపెనీ చొక్కా తొడుక్కుని. మా ఆయన కూలబడ్డ మెట్టు దగ్గరికొస్తే చీపురు ఆగిపోయేది. ఆవేళ ఆఫీసులో మా ఆయన చొక్కా లాగాను కదా. ఇంకాస్త గట్టిగా లాగి కూచోబెట్టాల్సింది.