మా సందంతా బేడ అన్నాము

ఇది ఇంతకాలం రాయకపోవడానికి కారణం ఒక్కటే. నాకు రాయడం రాదు. మా పుట్టిల్లు హొసకోటె దాటి ఇంకా తూర్పుకు పోతే వచ్చే ఊరు. అక్కడ బడి ఉండేది. మా అన్నదమ్ములు పోయారు. మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇవ్వడానికి ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి కావాలి, ఆ మనిషిని నేను. పెళ్ళయి బెంగళూరు పేటకు వచ్చాక కూడా అదే పని, అవే కండెలు. నాకు అరవై దాటాక మగ్గం అమ్మేశాము. చేతులు ఊరికే ఉండడం చూసి మా కోడలు పాత క్యాలెండర్ కాగితాల వెనక అక్షరాలు రాసి దిద్దమంది. ఆమె కన్నడ బడిలో టీచరు, మాట్లాడేది తెలుగు. రెండూ నేర్పింది. చూడడానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఒకదాని తలకట్టు ఇంకొకదానికి పెట్టేస్తుంటాను. ఇప్పుడు రాస్తున్న కాగితంలో కూడా ఆమె ఎన్ని దిద్దవలసి వస్తుందో.

నేను చెప్పదలచింది నల్లి సంగతి. కాపురానికి వచ్చిన మరునాడు మా అత్త, "లెయ్యే, నల్లి కాడికి పోవల్ల" అంటే నేను మంచం కోళ్ళకేసి చూశాను. మా ఊళ్ళో నల్లి అంటే మంచంలో ఉండి కుట్టేది. ఇక్కడ కన్నడంలో నీళ్ళ కొళాయిని నల్లి అంటారు. అత్త ఈ మాట సందంతా చెప్పింది. చాలాకాలం అందరూ నన్ను "మంచం నల్లి" అనే పిలిచేవాళ్ళు.

మా సందులో అందరూ నేతపనివాళ్ళే. నల్లి మాత్రం పక్క వీధిలో ఉండేది. ఆ వీధివాళ్ళ బిందెలు నిండాకే మా వంతు. ఒక్కోసారి మా వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయేవి. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు అక్కడి పాచి పట్టిన బండల మీద బిందెతో జారిపడ్డాను. అయిదో నెల. ఆ బిడ్డ దక్కలేదు. రెండోసారి కడుపు నిలిచినప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ బిందె ఎత్తవద్దని గట్టిగా చెప్పింది. అత్తకు తుంటి నొప్పి. మగవాళ్ళు నీళ్ళకు పోయే ఆచారం లేదు. ఎత్తకపోతే ఇంట్లో నీళ్ళు లేవు. కాబట్టి ఎత్తేదాన్ని. ఎత్తిన ప్రతిసారీ కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడేదాన్ని. అప్పుడు కడుపులో ఉన్నవాడే ఈ కోడలి మొగుడు.

మా సందుకు నల్లి వస్తుందేమో అన్న మాట నేను ఆరో నెలలో విన్నాను. జర్మనీ యుద్ధం ముగిసిన కొత్త. మా వార్డు కౌన్సిలరు ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని సందులో వాళ్ళందరినీ పిలిపించాడు. ఆయన కన్నడం మనిషి, మాకోసం తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఈసారి మునిసిపాలిటీ బడ్జెట్టు రాసే ముందు వీధుల్లో అడిగి రాస్తామన్నాడు.

"బడ్జెట్టంటే ఏందప్పా?" అంది అత్త.

"ఊరి దుడ్డు వచ్చే సంవత్సరం దేనికి పెట్టేదని ముందే రాసుకునేది, అవ్వా."

"రాసినట్లే పెడతారా?"

ఆయన నవ్వి, మిగిలినవాళ్ళ వైపు తిరిగాడు. వార్డుకు వచ్చే డబ్బు ఒక్క పనికే సరిపోతుందట. మా సందుకు నల్లి వేయించాలి, లేకపోతే పక్క వీధికి దీపాలు పెట్టించాలి. నల్లి కావాలంటే మేము కూడా కందాయం అనే ఇంటి పన్ను మీద నెలనెలా కొంచెం ఎక్కువ కట్టుకోవాలి. "ఎరడాణె," అని రెండణాలకు రెండు వేళ్ళు చూపించాడు. గుమాస్తా పుస్తకం పట్టుకుని వస్తాడు, ఇల్లు ఎవరి పేర ఉంటే వాళ్ళను అడుగుతాడు, వాళ్ళు చెప్పిందే రాస్తాడు. "ఒకసారి రాసినాక, ఆమేలె నేను కూడా మార్చేదానికి లేదు," అన్నాడు.

ఆయనకు మేము ఓటు వేసి ఉన్నాము. ఓటు వేస్తే ఒక మనిషి పెద్ద కచేరీకి పోయి కూర్చుంటాడని తెలుసు. మనిషి సంగతి కాకుండా పని సంగతే మమ్మల్ని అడగడం నాకు అర్థం కాలేదు. మేమే చెప్పేటట్లయితే ఆయన ఎందుకు? ఇదే మా ఆయనను అడిగితే "నోరు మూసుకుని కండె చుట్టు" అన్నాడు. ఆయనకూ తెలియదనుకుంటాను. పైగా మా ఇల్లు నా పేర ఉంది. మామ పోయేముందు కొడుకు పేర రాయకుండా నా పేర రాశాడు. ఎందుకు రాశాడో ఎవరికీ చెప్పలేదు. అందుకని పుస్తకంలో జవాబు చెప్పవలసింది నేను.

కౌన్సిలరు పోయాక అత్త అందరినీ ఆపింది.

"వీళ్ళను నమ్మేదానికి లేదు. ఇప్పుడు రెండణాలంటారు, గుమాస్తా వచ్చి పావలా అంటాడు. ఏం అడిగినా బేడ అనండి. బేడకు పైన నోరు తెరవద్దండి."

బేడ అంటే మాకు రెండణాల బిళ్ళ. సందు చివరి ఇంటి తాత, "పావలాకి రెండు నల్లులిస్తే?" అన్నాడు.

"ఒగటి నీ మంచానికి కట్టుకో," అంది అత్త. అందరూ నావైపు చూసి నవ్వారు.

గుమాస్తా నాలుగు రోజులకు వచ్చాడు. చంకలో పెద్ద పుస్తకం, చెవి మీద పెన్సిలు. సందులో మొదటి ఇల్లు మాదే. నల్లి సంగతి ఏమంటారని కన్నడంలో అడిగాడు. చాలా వేగంగా అడిగాడు. అత్త తలుపు చాటు నుంచి "చెప్పే, చెప్పే" అంటోంది.

"బేడ," అన్నాను.

ఆయన తలెత్తాడు. "బేడవా?"

"బేడే సామీ."

"ఖండితవా?"

"ఖండితమే. పావలా అయితే మాకు కుదరదు."

ఆయన నా కడుపు వైపు, మూలన ఉన్న బిందెల వైపు చూశాడు. పెన్సిలుతో రాసుకుని పక్కింటికి పోయాడు. నా గొంతు సందంతా వినిపించినట్లుంది. ఇంటింటా అదే జవాబు. మగ్గం గుంటలో ఉన్నవాళ్ళు తల ఎత్తకుండానే బేడ అన్నారు. తాత ఇంటి దగ్గరైతే గుమాస్తా అడగకముందే "బేడ, బేడ" అని అరిచాడు. అత్త ఆ రోజు చాలా సంతోషంగా ఉంది.

తరువాతి వారం కౌన్సిలరు వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు.

"నల్లి తెప్పిస్తామంటే మీరే బేడ అంటిరి. దుడ్డు దీపాలకు పోతా ఉండాది."

"అవునప్పా, బేడ అంటిమి," అన్నాడు తాత. "అదేగదా నువ్వు చెప్పింది?"

"నేనెక్కడ చెప్పినాను? నేను నల్లి తీసుకోండని చెప్పినాను!"

"తీసుకుంటామనే గదా బేడ అనింది!"

"తీసుకుంటే బేడ అని ఎందుకంటారయ్యా?"

"బేడ కాకుంటే యెంత అనమంటావు, రూపాయా?"

మేము తనను ఆట పట్టిస్తున్నామనుకున్నాడేమో, కౌన్సిలరు "ఇంకొక మూడు దినాల్లో లెక్క పైకి పోతాది, ఆమేలె నన్ను అడగవద్దండి" అని వెళ్ళిపోయాడు. అత్త అరుగు మీద కూలబడింది. "పావలా అనింటే వచ్చుండునే" అని తనను తాను తిట్టుకుంది. అంతలో ఎవరో, "మొదట చెప్పింది మంచం నల్లి గదా, ఆమె సరిగ్గా చెప్పింటే మేమూ సరిగ్గా చెప్పుందుము" అన్నారు. నేను ఏమి తప్పు చెప్పానో నాకు తెలియలేదు. అనమన్న మాటే అన్నాను.

ఆ సాయంత్రం బిందె దింపి గడపలో కూర్చుని ఉంటే ఆకుకూరలామె సందులోకి వచ్చింది. రోజూ వచ్చే మనిషే. ఎదురింటి ఆమె చెయ్యి ఊపి, "ఇవత్తు బేడమ్మా" అంది. ఆకుకూరలామె బుట్ట దించకుండానే ముందుకు పోయింది.

ఆ మాట నేను కూడా రోజూ అనేదే. కన్నడంలో ఇవత్తు అంటే ఇవాళ, బేడ అంటే వద్దు. బజారులో పదిసార్లు అంటాను, పదిసార్లు వింటాను. అయినా గుమాస్తా ముందు నాకది గుర్తుకు రాలేదు. ఆ రోజు నా తలలో ఉన్నది బిళ్ళ. లేచి అత్తకు చెప్పాను. అత్త నమ్మలేదు. "అంత చదువుకున్నోడికి బేడంటే తెలీదా?" అంది. అదీ నిజమే అనిపించింది. నేను పట్టుకున్నది తప్పో ఒప్పో నాకే తేలలేదు.

చదువు వచ్చి ఉంటే ఇలా జరిగేది కాదని చాలామంది అంటారు. మొన్న కోడలు ఆ మాటను తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి పక్కపక్కనే రాసి చూపించింది. చాలాసేపు చూశాను. రెండూ ఒక్కటే. గుమాస్తా ఆ పుస్తకం నా ముందు తెరిచి పెట్టినా, నేను కూడబలుక్కుని చదివినా, రెండణాలనే చదువుకుని తల ఊపి ఉండేదాన్ని.

మరునాడు పొద్దున బిందె తీసుకుని నీళ్ళకు పోతున్నట్లే బయలుదేరాను. పక్క వీధి దాటి నేరుగా మునిసిపాలిటీ కచేరీకి పోయాను. అంతకుముందు ఆ మెట్లు ఎక్కలేదు. మా గుమాస్తా కనిపించేదాకా ఒక్కొక్క బల్ల దగ్గరా నిలబడ్డాను. ఆయనను చూశాక కొంగుముడి విప్పి, యుద్ధం రోజుల్లో వచ్చిన పసుపుపచ్చ చదరపు బేడ తీసి ఆయన ముందు పెట్టాను.

లంచం అనుకున్నాడేమో, ఆయన గబుక్కున అటూ ఇటూ చూశాడు. వేలితో దాన్ని నావైపు తోశాడు. "ఇదెల్ల బేడమ్మా," అన్నాడు మెల్లగా.

"అదే సామీ. బేడే. మేము చెప్పింది ఇదే," అని మళ్ళీ ఆయన వైపు తోశాను.

"బేడ అందెనల్లా!" వద్దన్నాను కదా అని కసిరాడు.

"నేనూ అదే అంటా ఉండాను!"

చుట్టూ ఉన్నవాళ్ళు రాయడం ఆపారు. ఖాళీ బిందె తీసి ఆయన పుస్తకం మీద పెట్టాను. "నల్లి బేకు," అన్నాను. కావాలి అనే ఆ కన్నడ మాట అంతసేపూ ఎక్కడ పోయిందో. "నా ఇంటికి బేకు. తక్కినోళ్ళది నేను చెప్పేదానికి లేదు, మళ్ళీ వచ్చి అడగండి."

ఆయన బిందె వైపు చూశాడు, బిళ్ళ వైపు చూశాడు. బిందె పక్కకు జరిపి పుస్తకం తిప్పాడు. ఒక చోట కొట్టేసి, పైన ఏదో రాసి, సిరా డబ్బా నావైపు జరిపాడు. ఏమి రాశాడని అడగడానికి ధైర్యం చాలలేదు. వేలిముద్ర వేశాను. బిందె ఎత్తుకుని వచ్చి పక్క వీధి నల్లి దగ్గర వరుసలో నిలబడ్డాను. వేలి సిరా తుడుచుకోబోతే కొంగుముడి విప్పి ఉంది. బేడ ఆయన బల్ల మీదే ఉండిపోయింది.