పంపు ఎందుకు కాలింది

విజయవాడలో ఇంటర్ పిల్లలకు పదిహేనేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. వేడి బయటికి పోయే వీలు లేకుండా ఆదర్శ వాయువును నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుందనీ, అలాగే వ్యాకోచించనిస్తే తగ్గుతుందనీ, దీన్నే అడియబాటిక్ ప్రక్రియ అంటారనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఆమధ్య భవానీపురంలో నా స్కూటర్ టైరులో గాలి తగ్గింది. కరెంటు లేక పంక్చర్ షాపు భాయ్ చేతిపంపుతో గాలి కొడుతూ, "మీరు ఫిజిక్స్ లెక్చరర్ కదా సార్, ఈ పంపు ఇంత వేడెక్కుతుందెందుకండీ?" అని అడిగాడు.

"రాపిడి, భాయ్," అన్నాను మహా పండితుడిలా.

"రాపిడైతే గొట్టమంతా కాలాలి కదండీ? గాలి నొక్కుకునే అడుగుభాగమే కాలుతోంది, చూడండి."

ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఆయన టైరు వాల్వ్ నొక్కి, బయటికొచ్చే గాలిని నా చేతిమీదికి పోనిచ్చాడు. "ఇదేమో చల్లగా వస్తోంది. దీన్నేమంటారండీ?"

నా పాఠాన్ని నాకే చెప్పాడు, ఒక్క సూత్రం కూడా లేకుండా. గాలిని నేను పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదని అప్పుడు తెలిసింది. "నేనే తప్పు చెప్పాను భాయ్. నొక్కడం వల్లే వేడి," అని ఒప్పుకున్నాను.

మర్నాడు క్లాసుకు ఒక పంపు పట్టుకెళ్లి, గాలి కొట్టి, పిల్లల్ని ముట్టుకు చూడమన్నాను.

ముందు బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఈ పంపు ఎంట్రెన్స్‌లో వస్తుందా?" అని అడిగింది.

"రాదమ్మా."

అందరూ పెన్నులకు మూతలు పెట్టేశారు. వాళ్లనేం అనను? ఆ విద్య నేర్పింది నేనే కదా.