పూత మీద కట్టిన నీళ్లు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటిన రోజులవి. దువ్వూరు పక్క పల్లెల్లో గ్రామసేవకుడిగా కొత్తగా చేరాను. ప్రొద్దుటూరులో గది తీసుకుని రోజూ సైకిల్ మీద తిరిగేవాణ్ణి. ఆ ఏడు ఆఫీసులో సోయా చిక్కుడు విత్తనాల సంచి ఒకటి నా చేతికిచ్చి, ఎవరిచేతనైనా వేయించమన్నారు. ఆ పైరు నేనూ ఎన్నడూ చూడలేదు. అడిగిన వాళ్లంతా తల అడ్డంగా ఊపారు. చివరికి కాలువ కింద రెండెకరాల నల్లరేగడి ఉన్న ఒకామె ఒప్పుకుంది. ఆమె భర్త పులివెందుల దగ్గర గనిలో పనిచేస్తూ నెలకొకసారి వచ్చేవాడు. సేద్యమంతా ఆమెదే.

పైరు మోకాలెత్తు లేచి ఊదారంగు పూత పట్టింది. పూత మీద నీటి ఎద్దడి రాకూడదని ఆఫీసు వాళ్లిచ్చిన కాగితంలో ఉంది. ఆ మాట చెప్పడానికి పోతే ఆమె ఆకాశం చూపించింది.

"మోడం కమ్ముకోనొస్తాంది సారూ. రెండు దినాలు చూసి నీళ్లు కడదాం."

"పూత రాలిపోతే? ఈరోజే కట్టమ్మా."

ఆమె కాలువ గట్టుకు మడవ తీసి చేనికి నీళ్లు వదిలింది. చేను తడిసిన సాయంత్రమే వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. నేను గదిలో కూర్చోలేక, పడుకోలేక, కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగాను. కాగితం మళ్లీ తీసి చూస్తే అడుగున ఒక వాక్యం ఉంది: చేలో నీరు నిలవనీయరాదు. ముందు కూడా చదివాను. పట్టించుకోలేదు.

నాలుగో పొద్దున వాన తెరిపిచ్చింది. సైకిల్ తొక్కుకుంటూ పోయేసరికి ఆమె చేలోనే ఉంది. పల్లపు సగంలో పిక్కల లోతు నీళ్లు. ఆకులు పసుపు తిరిగాయి. ఒక మొక్క పీకి చూశాను. వేళ్ల మీద బుడిపెలు మెత్తబడి, నొక్కితే కుళ్లు వాసన కొట్టింది. నీళ్లు పోవాలంటే పక్క చేనికి అడ్డంగా ఉన్న గెనిమ గట్టు తెంచాలి. ఆ చేని పెద్దాయన అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"తెంచేదానికి లేదు," అన్నాడు. "నా పసుపు కుళ్లిపోతాది. నీ గింజల కోసరం నా పంట పోగొట్టుకోవల్లనా?"

"నీ చేలోకి ఇడువను మామా. గెనిమ పక్కనే వాగు దాకా కాలువ తీసుకుంటా," అందామె.

"అంత దూరం ఎవురు తవ్వుతారు?"

నేను ప్యాంటు మడిచి పార అందుకున్నాను. పది బారలు పోకముందే అరచేతులు బొబ్బలెక్కాయి. పెద్దాయన కాసేపు చూసి ఆమెనే అడిగాడు.

"వానొచ్చే ముందర నీళ్లెందుకు కట్టినావు నువ్వు?"

ఆమె వంగి, నేను తవ్విన మట్టి పక్కకు ఎత్తిపోసింది.

"కట్టించింది నేను," అన్నాను. "ఆమె వద్దనింది."

ఆయన నా వైపు తిరిగి, "శానా చదువుకున్నట్టుండావే!" అని వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాం. కాసేపటికి సొంత పారతో వచ్చి వాగు వైపు నుంచి మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి నీళ్లు కదిలాయి.

మెరక సగం తేరుకుంది. పల్లపు సగంలో పూత రాలిపోయింది, నిలిచిన కాయల్లోనూ ఒకటో రెండో ముడతల గింజలే. రిపోర్టులో 'అధిక వర్షం' అని రాసి ఊరుకోవచ్చు. రెండు రోజులు కలం పట్టుకుని తచ్చాడి, వానకు ముందు నీళ్లు కట్టించింది నేనేనని కూడా రాశాను.

నూర్పిడి రోజున ఆమె భర్త వచ్చాడు. ఆయన ఏమంటాడోనని కళ్లంలో ఒకచోట నిలవలేకపోయాను. ఆయన గుప్పెడు గింజలు తీసుకుని అడిగాడు.

"వీటిని ఎట్ల తింటారు సారూ?"

"నాకు తెలియదు."

ఆమె నవ్వి, దోసెడు గింజలు ఉప్పేసి ఉడకబెట్టింది. ఎంతసేపటికీ మెత్తబడలేదు. ముగ్గురం కళ్లంలో కూర్చుని వాటినే నమిలాం.