బ్యాటరీకి పసుపు

పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీకి నేను మెయింటెనెన్స్ ఇంజనీరును. దసరా మర్నాడు పొద్దున, ఇంద్రేశంలో మా ఇంటి ముందు కారు తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీకి ఏ ఢోకా లేదని, పోయింది స్టార్టర్ మోటారేనని తీర్పు చెప్పేశాను. దాన్ని స్పానరుతో నాలుగు దెబ్బలు కొట్టాను. కారు తయారుచేసినవాళ్ళను నోరారా తిట్టాను. గంట తర్వాత చేతులెత్తేసి, నా దగ్గర పనిచేసే ఫిట్టరుకు ఫోన్ చేశాను.

చిట్కుల్ నుంచి బండి మీద వచ్చిన ఆ పెద్దాయన, బానెట్ లేపి నవ్వు ఆపుకున్నాడు.

"ఏంది సార్, బ్యాటరీకి నలుగు పెట్టిన్రా?"

ముందురోజు ఆయుధపూజలో, పైపైన బొట్టు పెడితే భక్తి చాలదనిపించి, టెర్మినళ్ళ మీది క్లాంపులు ఊడదీసి, పసుపు ముద్ద దట్టంగా పూసి, మళ్ళీ బిగించింది నేనే.

ఆ పసుపు దాటి వచ్చిన కాస్త కరెంటు లైట్లకు సరిపోయింది గానీ, మోటారు తిరగడానికి చాలలేదు. ఆయన క్లాంపులు ఊడదీసి, పసుపంతా గీకి, తుడిచి, బిగించాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

"మిషన్ ఆగితే ముందుగాల కనెక్షన్ సూడమని మీరే జెప్తరు గద సార్."

చెప్తాను. ప్రతి సోమవారం, అరగంట సేపు, ఆయన్ను నిలబెట్టి మరీ.