బర్రె మెచ్చిన బట్ట

నేను నేసిన బట్టను మెచ్చుకున్నోళ్లు ఎమ్మిగనూరులో చానామంది ఉన్నారు. ఆదోని సంతలో కూడా ఉన్నారు. కానీ మెచ్చుకొని, నోట్లో పెట్టుకొని నమిలిన ప్రాణి మాత్రం ఒకటే. పోయిన బేస్తవారం, తుంగభద్ర మధ్యలో, తాసిల్దారు కండ్ల ముందర. నవ్వొద్దు, టీ తాగుతా వినండి.

కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని అయినాక ఆడ ఆఫీసర్లు, సార్లు ఎక్కువైనారు కదా. అందులో కాలేజీలో పాఠాలు చెప్పే సారు ఒకాయన ఉన్నాడు. మనోళ్లంతా పిట్టల సారు అంటారు. ఎండాకాలం సెలవులిస్తే అందరూ అత్తగారిళ్లకు పోతారు, ఈయన మన నదికి వస్తాడు. నీళ్లు తగ్గితే నది మధ్యలో ఇసుక దిబ్బ బయటపడుతుంది చూడండి, దాని మీద తెల్ల పిట్టలు గుడ్లు పెడతాయి. నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, పసుప్పచ్చ ముక్కు. గూడూ గీడూ ఏం లేదు. ఇసుకలో అరచెయ్యంత గుంట, అందులో రెండో మూడో గుడ్లు. అవి కూడా ఇసుక రంగే. కాలు పెట్టేదాకా కనపడవు. మనిషికే కనపడకపోతే పశువుకేం కనపడతాయి? ఒడ్డున ఊరి బర్రెలు మోకాలి లోతు నీళ్లు దాటి, దిబ్బ ఎక్కి తొక్కేస్తాయి.

సారు మూడేండ్లుగా సర్వే చేసి, ఎన్ని గుడ్లు పెట్టినాయి, ఎన్ని పగిలినాయి అని రాసి, వానలొచ్చేదాకా పశువులను దిబ్బ మీదికి వదలొద్దని ఆర్డర్ ఇయ్యమని అర్జీలు పెడతానే ఉన్నాడు. ఈ ఏడు తాసిల్దారు, "బేస్తవారం నేనే వచ్చి చూస్తాను. అంత నష్టం ఉంటేనే ఆర్డర్" అన్నాడంట.

అందుకని సారు మా ఇంటికి వచ్చినాడు. పిట్టలకు కనపడకుండా కూర్చోవడానికి ఆయన నాలుగు గుంజలు పాతి చుట్టూ బట్ట కట్టుకుంటాడు. అది కాస్తా చిరిగిపోయిందంట.

"ఈరన్నా, ఇసుక రంగులో ఏదన్నా పాత బట్ట ఉంటే ఇయ్యప్పా. మెత్తగుండాల. గాలికి సప్పుడు చేయకూడదు."

పాత బట్ట. మా ఇంటికొచ్చి. మగ్గం ముందర నిలబడి. నాకు రోషం వచ్చింది. మగ్గం మీద పని పక్కన పెట్టి కొత్తది నేసినాను. రంగు అచ్చం ఇసుకే. ఆడికి ఆగుంటే ఈ కథే లేదు. సారు అంత పెద్దాయన, తాసిల్దారు వచ్చే దినం, చేతిలో వాలిపోయే బట్ట పెడితే నా నేతకు మర్యాదేముంది? జొన్న గంజి చిక్కగా కాచి, ఒకసారి కాదు, రెండుసార్లు పట్టించినాను. ఎండబెడితే తలుపు మాదిరి నిలబడింది.

మా ఇంటామె లచ్చుమమ్మ చూసి, "సారు మెత్తగుండాలని కదా సెప్పింది?" అనింది.

"ఆయన అట్లనే అంటాడు. మొగమాటం" అన్నాను.

బేస్తవారం తెల్లారేసరికి సారు, నేను దిబ్బ మీద ఉన్నాము. నా బట్ట నేనే కట్టి చూపిస్తానని వెంటపడి పోయినాను లెండి. కట్టినాము. గాలి తోలింది. ఇంక పెళపెళమని ఒకటే మోత. దిబ్బ మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచి అరుస్తా తిరుగుతాండాయి, ఒక్కటీ దిగదు. పొద్దు ఎక్కుతాంది. సారు మొగంలో నెత్తురు లేదు.

"ఇంకొంచేపు ఇట్లే ఉంటే గుడ్లు ఎండకు ఉడికిపోతాయి ఈరన్నా. పీకెయ్ బట్ట."

"ఒక్క నిమిషం సార్" అని, మేము తాగే నీళ్ల కడవతోనే నది నుంచి నాలుగుసార్లు నీళ్లు తెచ్చి బట్ట మీద కుమ్మరించినాను. గంజి నానింది, బట్ట మెత్తబడింది, మోత ఆగింది. ఇద్దరం లోపలికి దూరినాము. పిట్టలు ఒక్కొక్కటే దిగి గుడ్ల మీద కూర్చున్నాయి. సారు నా భుజం తట్టినాడు. నేను మీసం దువ్వుకున్నాను. నానిన గంజి వాసన కమ్మగా గాలిలో కలిసి ఒడ్డు దిక్కుకు పోతాందని మాత్రం నాకు తట్టలేదు.

తాసిల్దారు వచ్చే వేళయింది. ఆయన్ని పిల్చుకొని రావడానికి సారు ఒడ్డుకు పోవాల. "ఇద్దరం వచ్చి ఒక్కరం పోతే, అందరూ పోయినారనుకుంటాయి పిట్టలు. వాటికి లెక్క రాదు. నువ్వు లోపలే కూర్చొని, ఏ పిట్ట ఎన్నిసార్లు లేచిపోయిందో గీతలు గీస్తా ఉండు. ఏం జరిగినా అరవొద్దు" అని నోటు పుస్తకం నా చేతిలో పెట్టి పోయినాడు.

బట్ట సందులోంచి చూసినాను. అప్పా, నలభై ఏండ్లు ఈ నది నీళ్లు తాగినాను, ఒక్కనాడు కూడా ఇది చూడలేదు. ఎండ ఎక్కేకొద్దీ తల్లి పిట్ట లేచిపోయి, నీళ్లకు పొట్ట ఆనించి తడుపుకొని, వచ్చి గుడ్ల మీద కూర్చుంటాది. గుడ్లు చల్లగుండాలని. మళ్లీ పోతాది, మళ్లీ వస్తాది. అది పోయినప్పుడు జత పిట్ట వచ్చి గుడ్లకు నీడ పట్టుకొని నిలబడతాది. గీతలు గీయడమే మరిచిపోయినాను. దీనికోసమా సారు మూడేండ్లు ఎండలో కదలకుండా కూర్చున్నాడు అనుకున్నాను. పిట్టల పిచ్చోడని మనం నవ్వుకున్నాము గదా, సిగ్గేసింది.

అప్పుడు వెనక బట్ట కదిలింది. గాలి అనుకున్నాను. మళ్లీ కదిలింది. తిరిగి చూస్తే బట్ట బయటికి పోతాంది, పోయినంత మేరా నమిలిన సప్పుడు. సందులోంచి నల్ల మూతి ఒకటి నన్ను పలకరించింది.

"హయ్, హయ్" అని గుసగుసగా అదిలించినాను. గుసగుసకు కదిలే బర్రెను మీరెవరన్నా చూసినారా? అది ఆ కొస, నేను ఈ కొస. నా నేత గట్టిదనం ఆ పొద్దు తెలిసింది, ఒక్క పోగు తెగలేదు. గుంజలే ఊడినాయి. చూస్తే దాని వెనకాల ఇంకా రెండు నీళ్లు దాటి వస్తాండాయి. పశువులు రాకూడదని సర్వే చేసే చోటికి నేనే గంజి కాచి పిలిచినట్టయింది.

ముందున్న బర్రె కాలు ఒక గుంటలో పడింది. మూడు గుడ్లలో రెండు పోయినాయి, నా కండ్ల ముందరే. అరవొద్దన్న మాట మరిచి కేక పెట్టినాను. కానీ నా కేక కంటే ముందే పిట్టలన్నీ లేచినాయి. పావురమంత పిట్టలప్పా, బర్రె కండ్ల మీదికి, చెవుల మీదికి దూకినాయి. ఒకటి పొడిచి పోతే ఇంకొకటి. బర్రె నిలబడలేక నా బట్టను కొమ్ములకు చుట్టుకొని నీళ్లల్లోకి ఉరికింది. తక్కిన రెండూ వెనక్కి తిరిగినాయి. పిట్టలకు అంతటితో కసి తీరలేదు, దిబ్బ మీద ఇంకా ఒకడు మిగిలినాడు కదా. నా నెత్తిన నాలుగు పొడిచి, భుజాలకు సున్నం కొట్టి పంపించినాయి. నోటు పుస్తకం నెత్తిన పెట్టుకొని, ఒక్కో అడుగు చూసుకుంటా ఒడ్డు చేరినాను.

ఒడ్డున మన సారు పక్కన తాసిల్దారు దుర్భిణి కండ్లకు పెట్టుకొని నిలబడున్నాడు. మొదటి నుంచి చూసినాడంట.

"రెండు గుడ్లు పోయినాయి సార్. నా గంజి వల్లనే" అన్నాను సారుతో. నాకు ఏడుపొచ్చింది. సారు కోప్పడలేదు. దిబ్బ దిక్కు చూపించినాడు. ఆ గుంటలో మిగిలిన ఒక్క గుడ్డు మీద తల్లి పిట్ట తడి పొట్టతో వచ్చి కూర్చుంటాంది.

తాసిల్దారు దుర్భిణి దించినాడు. "మూడేండ్ల అర్జీలు చదివి నమ్మలేదండీ. బర్రె కాలు చూసినాక నమ్మినాను. ఆ పిట్టల ధైర్యమూ చూసినాను" అన్నాడు. తరువాత నా దిక్కు చూసి, "ఈయనెవరు?" అన్నాడు.

"మా సర్వేలో సాయం చేసేవాడు" అన్నాడు సారు. సాయం అనే ముందర మాత్రం కొంచెం ఆగినాడు.

నిన్న సారు ఆర్డర్ కాపీ తెచ్చి మా మగ్గం దగ్గర చదివి వినిపించినాడు. లచ్చుమమ్మ కూడా వినింది, అదీ నా కర్మ. అందులో రెండే మాటలు. వానలు పడేదాకా పశువులను దిబ్బ మీదికి తోలరాదు. సర్వేకు పోయేవాళ్లు గంజి పెట్టిన బట్ట తీసుకుపోరాదు. మొదటి మాట నది ఒడ్డున ఊర్లన్నిటికీ. రెండోది జిల్లా మొత్తంలో నా ఒక్కనికే.