పైకప్పు మీద వెలుగు

విమానాల సీట్లకు తొడుగులు కుట్టే ఆ మనిషిని షెడ్డులో అందరూ కత్తెరమ్మ అనేవాళ్లు. చేతిలో కత్తెర ఉన్నందుకు సగం, నోట్లో ఉన్నందుకు సగం. పాత విమానాలను లోపలంతా విప్పేసి మళ్లీ కొత్తగా సింగారించే షెడ్డు అది. ఆమె మిషను పెద్ద తలుపు పక్కనే, గాలీ ఎండా తగిలే చోట ఉండేది. అక్కడినుంచి జరగమంటే మేనేజరుకైనా నాలుగు తగిలించేది. కుట్టిన తొడుగులను విమానం మెట్ల దాకా మోసుకెళ్లి, బయటే నిలబడి అందించేది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ లోపల కాలు పెట్టలేదు. తను కుట్టిన బట్ట సీటు మీద ఎలా కూర్చుందో చూసుకోని దర్జీ లోకంలో ఆమె ఒక్కతే కాబోలు.

భయమని ఎవరూ అనలేదు. అననిస్తే కదా!

షెడ్డులో అసలు సంగతి తెలిసినవాడు తమ్ముడొక్కడే. అతనిదీ అక్కడే లైట్లు బిగించే పని. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ ఆమె ట్రంకుపెట్టెలో దూరింది. గడియ దానంతటదే పడింది. ఎంత అరిచినా ఎవరికీ వినపడలేదు. చివరికి పెద్దక్క వచ్చి మూత తీసి, జుట్టు పట్టి పైకి లాగి, ముందు రెండు వాయించి, ఆనక గుండెలకు హత్తుకుంది. ఆనాటినుంచి తలుపు వేసిన గదిలో ఆమె కన్ను మూతపడలేదు. తల్లి పోయాక ఈ ఇద్దరినీ పెంచిందీ ఆ పెద్దక్కే.

ఇప్పుడు పెద్దక్క సముద్రానికి అవతల ఆసుపత్రిలో ఉంది. చూడాలనుకుంటే వెంటనే రమ్మని బావ ఫోను చేశాడు. ఓడ చేరేసరికి మనిషి మిగలదు.

"నువ్వెళ్లరా. నేను అడిగానని చెప్పు" అంది కత్తెరమ్మ, దారం తెంపుతూ.

"ఏమని చెప్పను? నీ చెల్లికి ఇంకా పెట్టె భయం పోలేదనా?"

"నోర్ముయ్. సూది చేతిలోనే ఉంది, పెదాలు కుట్టేస్తా."

"కుట్టు. కుట్టేసి నాతో రా."

షెడ్డు మూలన ఒక నమూనా గది ఉండేది. విమానాన్ని ముక్క కోసి పెట్టినట్టు, కొన్ని వరుసల సీట్లతో. కొత్త లైట్లు ముందు అందులో బిగించి చూస్తారు. అందరూ భోజనాలకు వెళ్లిన వేళ తమ్ముడు ఆమెను అక్కడికి తీసుకెళ్లాడు. కళ్లు గట్టిగా మూసుకుని, వాడి చొక్కా పట్టుకుని లోపలికి నడిచింది. ధైర్యంగా ఉంటుందని వాడు ఉన్న లైట్లన్నీ ఒకేసారి వేశాడు. రోజూ చేసే పనే. సొంత అక్క దగ్గరికొచ్చేసరికి మతి పోయింది.

ఆమె కళ్లు తెరిచింది. ప్రతి సీటు వీపూ, గోడల అతుకులూ, నెత్తిమీద సామాన్ల అరల అంచులూ, అన్నీ ఒక్కసారిగా మీదికొచ్చాయి.

"తీయరా! మూత తీయరా!" అని కేకపెట్టి, బయటికి పరుగెత్తి మెట్ల మీద కూలబడింది.

మూత అన్న మాట విని తమ్ముడి మొహం పాలిపోయింది. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తప్పు నాదే అక్కా. ఉన్న గోడలన్నీ నీకు వెతికి వెతికి చూపించాను. ఇంకొక్కసారి రా."

"నీ మొహం."

"నా మొహమే. ఒక్కసారి."

ఈసారి కిందికి కొట్టే లైట్లన్నీ తీసేశాడు. అరల వెనక దాచిన దీపాల పట్టీలు మాత్రం ఉంచాడు. దీపం కనపడదు, దాని వెలుగే పైకప్పు వంపు మీదికి పాకుతుంది. కిటికీల పక్క గోడ కూడా తెల్లవారబోయే ఆకాశంలా తేలిపోయింది. మధ్యదారి నీడలో ఉండిపోయింది. కప్పు ఎక్కడ ఆగిందో కంటికి అందలేదు.

"గోడ జరిపావా?"

"వెంట్రుకవాసి కూడా జరపలేదు. నీ కన్నే జరిపింది."

"అయితే అబద్ధమేగా!"

"అబద్ధమే. కూర్చో."

కూర్చుంది. చాలాసేపు బిగుసుకుని ఉండి, సీటు అంచు తడిమి, "ఇక్కడ ముడత పడింది. ఏ తలమాసినవాడు తొడిగాడు?" అంది. అప్పటికి తమ్ముడు ఊపిరి వదిలాడు.

తీరా వాళ్లెక్కిన విమానం పాతది. నడినెత్తిన తెల్లటి గొట్టాలు తప్ప వేరే లైట్లు లేవు. తలుపు మూసిన చప్పుడుకు ఆమె గోళ్లు తమ్ముడి మణికట్టులో దిగాయి.

"లైటు కేసి చూడకు. వెలుగు పడిన చోటు చూడు" అన్నాడు.

కిటికీ పక్క గోడ మీద పలచగా పడిన వెలుగును పట్టుకుని కూర్చుంది. దారంతా గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. దిగేసరికి వాడి చెయ్యి గాట్లు పడి ఉంది.

ఆసుపత్రి గది ఇరుకు. కిటికీ అవతల ఇంకో గోడ. మంచానికి సరిగ్గా పైన ట్యూబులైటు భగ్గున వెలుగుతోంది. పెద్దక్క కళ్లు మూసుకునే గొణిగింది: "ఈ కప్పు మీద పడేట్టుంది. ఎవరికి చెప్పినా నాకు మతి పోయిందంటారు."

కత్తెరమ్మ తమ్ముడి వైపు చూడలేదు. తనే వెళ్లి స్విచ్చు తీసేసింది. బల్ల మీది దీపం మెడ వంచి, గోడవైపు తిప్పి, వెలుగు పైకి పాకేట్టు నిలబెట్టింది.

పెద్దక్క కళ్లు తెరిచింది. చాలాసేపు పైకి చూస్తూ ఉంది.

"గది మార్చారా?"

"ఊఁ. పెద్ద గది ఇచ్చారు."

"నువ్వెలా వచ్చావే? విమానమెక్కావా?"

"ఎక్కాను."

"తలుపు వేశారా?"

"వేశారక్కా."

పెద్దక్క చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె జుట్టు మీద ఆగింది. నర్సు వచ్చి చూసి, వెళ్తూ తలుపు వేసింది. తమ్ముడు తెరవబోతే కత్తెరమ్మ వద్దని తల ఊపింది.

పెద్దక్క ఆ వెలుగులోనే పోయింది. అప్పటిదాకా ఆ తలుపు మూసే ఉంది.