కుదరని తూటా

థోరా అత్త ఏదీ ఒక్కసారి తూచి ఊరుకునే మనిషి కాదు. ఒకసారి తూస్తుంది, రెండోసారి తూస్తుంది, మూడోసారి తక్కెడని అనుమానిస్తుంది. నాలుగోసారి తనని తానే అనుమానించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదటికొస్తుంది.

లోకంలో బంగారం తూచేవాళ్ళున్నారు, కుంకుమపువ్వు తూచేవాళ్ళున్నారు. ముత్యాల వర్తకులైతే ఊపిరి బిగపట్టి మరీ తూస్తారట. వాళ్ళందరి దగ్గరా ఎక్కడో ఒకచోట 'ఇక చాలు' అనే మాట ఉంటుంది. అమెరికాలో, మోంటానా తూర్పు మైదానాల్లో, గొర్రెల మందల నడుమ, తన రేకుల షెడ్డులో కూచుని మందల మీద పడే కయోటీ నక్కల వేటకి తూటాలు కట్టే ఈ ముసలావిడ దగ్గర మాత్రం ఆ మాట లేదు. 'ఇంకా కుదర్లేదు' అన్న మాటే ఉంది.

ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు తూచిన చెయ్యి అది. రిటైరైన రోజున ఊరివాళ్ళు కేకు తెస్తే, ముక్కలు సమానంగా రాలేదని ఒక్కొక్కటీ తక్కెడలో పెట్టింది. అందరి వంతూ తేలేసరికి క్రీము కరిగి బల్ల మీంచి కారింది. కాఫీపొడి తూస్తుంది. అట్ల పిండి తూస్తుంది. ఇక తుపాకి మందు సంగతి చెప్పేదేముంది? పట్టకారుతో ఒక్కొక్క పలుకూ పళ్ళెంలో వేసి, ముల్లు ఆగేదాకా రెప్ప వెయ్యదు.

"అత్తకి తూటా కుదిరేలోపు కయోటీలు ముసలివై, మనవల్ని ఎత్తుకుని, వాటంతటవే పోతున్నాయిరా," అనేవాడు దాణా కొట్టు గస్. అనడమే గానీ అతనూ ఆవిడ దగ్గరికే వచ్చేవాడు. అందరూ వచ్చేవాళ్ళు. అవతలి గట్టు మీద గొర్రెపిల్ల మెడ పట్టుకున్న కయోటీని ఇవతలి గట్టు మీంచి కొట్టాలంటే, పిల్లకి తగలకుండా కొట్టాలంటే, కొట్లో దొరికే తూటా పనికిరాదు మరి.

తూటా దిగే గొంతు ఏ రెండు తుపాకులకీ ఒకటి కాదు. గుండు ఇత్తడి తొడుగులో ఎంత లోతుకి దిగాలో ఆ తుపాకిలోనే పెట్టి చూసుకోవాలి. అందుకని తుపాకిని ఆవిడ దగ్గర వదిలెయ్యాలి. "మూడు రోజులు," అంటుంది. ఆ మూడు రోజుల్లో ఒకాయనకి మనవడు పుట్టి బడికి కూడా వెళ్ళాడని గస్ ఒట్టేసి చెబుతాడు.

ఊళ్ళో మరో వింత కూడా చెప్పుకునేవారు. థోరా అత్త ఏడాదికోసారి మందుల షాపులో ఎర్రటి గోళ్ళరంగు సీసా కొంటుంది. ఆవిడ గోళ్ళకి రంగు ఉండగా చూసినవాడు లేడు.

ఎల్డన్ ఆవిడ షెడ్డు గుమ్మంలోకి వచ్చింది నవంబరులో. అంతకు ముందు నెలలోనే అతని తమ్ముడు రే ట్రాక్టరు తిరగబడి పోయాడు. వాలు మీదికి గడ్డిమోపులు తోలే పని ఆ రోజు నిజానికి ఎల్డన్‌ది. నడుం నొప్పిగా ఉంది, నువ్వెళ్ళరా, అన్నాడు. వాడు వెళ్ళాడు. పెళ్ళిళ్ళు చేసుకోకుండా ఒకే ఇంట్లో, ఒకే మందతో నెరిసిన అన్నదమ్ములు వాళ్ళు. రెండో కుర్చీ కంటబడకుండా ఎల్డన్ కొన్నాళ్ళు నిలబడి తిన్నాడు. తర్వాత తినడమే మానేశాడు. గొర్రెల్ని మళ్ళించే కుక్క పిప్‌ని గస్‌కి ఇచ్చేశాడు.

"అత్తా, నా తుపాకికి తూటాలు కావాలి. కయోటీలు ఎక్కువయ్యాయి," అన్నాడు నేల చూస్తూ.

"ఎన్ని పెట్టెలు?"

"పెట్టె ఎందుకు? ఒక్కటి చాలు."

థోరా అత్త కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. "ఒక్కటా? నువ్వొస్తున్నావని కయోటీలన్నీ వరసలో నిలబడతాయా?"

"ఒకటో రెండో. పాతదైనా పర్లేదు. ఏదో ఒకటి."

"నా బల్ల మీద ఏదో ఒకటి ఉండదురా. కుక్కనెందుకిచ్చేశావు?"

"గస్ అడిగాడు."

"గస్ అడగలేదు. నేను కనుక్కున్నాను. చలికాలం పోతే గొర్రెలు ఈనతాయి. అప్పుడు మంద చుట్టూ నువ్వే మొరుగుతూ తిరుగుతావా?"

 గొర్రెలు ఈనే కాలం దాకా ఉండాలన్న ఆలోచనే ఎల్డన్‌కి లేదు. కయోటీల మాట అబద్ధం. కావలసింది ఒకే ఒక్క తూటా, అది దేనికో అతనికి తెలుసు.

"తుపాకి వదిలి వెళ్ళు," అంది థోరా అత్త. "మూడు రోజులు."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి.  వదిలేసి వెళ్ళాడు.

మర్నాడు కబురొచ్చింది, రే తుపాకి కూడా తెమ్మని. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలట. ఇంట్లో మిగిలిన షాట్‌గన్‌ని గస్ బాతుల వేటకని పట్టుకుపోయాడు. బాతులన్నీ దక్షిణానికి ఎగిరిపోయినా అది తిరిగి రాలేదు.

నాలుగో రోజున ఎల్డన్ వెళ్ళాడు.

"ఇంకా కుదర్లేదు," అంది. షెడ్డు వెనక కంచెకి కాగితం పళ్ళెం కట్టి, తనే నేల మీద బోర్లా పడుకుని అయిదు కాల్చింది. నాలుగు చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. అయిదోది బెత్తెడు దూరంలో ఉంది.

"నాలుగు చాలు కదత్తా!"

"ఆ అయిదోది ఎందుకు తప్పుకుందో తేలేదాకా ఇంట్లోంచి బయటికి పంపను. రేపట్నించి నువ్వూ రా. తొడుగులు ఏరాలి. పొద్దున్నే రా. తిని రావద్దు."

"తినొస్తే ఏం?"

"నువ్వేసుకున్న అట్టు నేను తూచలేదు కాబట్టి."

అలా మొదలైంది. పొద్దున్నే అట్లు, బెల్లప్పాకం లాంటి మొలాసిస్, గుడ్లు. తినకపోతే బల్ల దగ్గరికి రానివ్వదు. "తిండిలేని చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో తూస్తే నా తక్కెడకి తలవంపులు," అంటుంది. తర్వాత ఇత్తడి తొడుగుల గుట్ట ముందు కూచోబెడుతుంది. బరువు చూసి వేరు చెయ్యాలి, మూతులు చెక్కాలి, లోపలి మసి గీకాలి. ఎల్డన్ మధ్యాహ్నానికి వేరు చేసిన వాటిని ఆవిడ సాయంత్రానికి మళ్ళీ కలిపేసేది. "నీ మీద అనుమానం కాదురా. నా మీద," అనేది.

గుండుని తొడుగులోకి దిగ్గొట్టే అచ్చు ఒక్కో తుపాకికీ ఒకటి, ఎల్డన్ తుపాకిది వేరేగా ఉండేది. దాని మెడకి ఎప్పుడూ గుడ్డపట్టీ చుట్టి ఉండేది.

"అదేంటత్తా?"

"దానికి జలుబు. ముట్టుకోకు."

ప్రతివారం కాగితం పళ్ళెం కట్టడం, నాలుగు ఒకచోట, అయిదోది పక్కకి. ప్రతివారం "ఇంకా కుదర్లేదు." ఒక వారం తప్పు గాలిది, ఒక వారం మందుది, ఒక వారం పళ్ళెం తయారు చేసినవాడిది.

మంచు గుమ్మం దాకా పేరుకుపోయిన జనవరిలో, రే పుట్టినరోజు నాడు, ఎల్డన్ ఓపిక తెగిపోయింది. తొడుగుల పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు.

"ఇస్తే తూటా ఇవ్వు! లేకపోతే నా తుపాకి నాకిచ్చెయ్! ముసలిదానివని ఊరుకుంటుంటే..."

థోరా అత్త తక్కెడ మీంచి కళ్ళు తిప్పలేదు. ముల్లు ఆగాక అడిగింది.

"ఆ రోజు నడుం నొప్పి నిజమేనా?"

"ఏ రోజు?"

"ఏ రోజో నీకు తెలుసు."

ఎల్డన్ "నిజమే," అన్నాడు.

"అయితే ఉన్నమాటే చెప్పావు. వాడు వెళ్ళాడు. బండి తిరగబడింది." ఇంకో పలుకు పళ్ళెంలో వేసింది. "వాడు నీకంటే మంచి డ్రైవరు కూడానూ. నువ్వెక్కినా తిరగబడేదే. ఆ తొడుగులు ఏరు. పొయ్యి కిందికి రెండు వెళ్ళాయి, నేను చూశాను."

ఎల్డన్ మోకాళ్ళ మీద కూచుని ఏరాడు. ఏరుతూ ఏడ్చాడు. ఆవిడ చూడలేదు, చూసినా రెండోసారి చూడలేదు. ఆవిడ జీవితంలో ఒక్కసారితో సరిపెట్టింది బహుశా అదొక్కటే. పొయ్యి కింద రెండు కాదు, మూడున్నాయి.

"మూడు," అన్నాడు పైకి లేచి.

"చూశావా, లెక్క తప్పాను," అంది, ఎంతో సంతోషంగా.

ఫిబ్రవరిలో గస్ తుపాకికి కుదిరింది. ఆ వేళ ఎల్డన్ పక్కనే ఉన్నాడు. థోరా అత్త గస్ అచ్చుకి లోతు నిలిపే మరని బిగించి, సొరుగులోంచి గోళ్ళరంగు సీసా తీసి, మర మీద ఒక ఎర్రచుక్క పెట్టింది.

"ఓహో, ఇందుకా! ఊళ్ళో నీకెవరో ప్రియుడున్నాడని పందేలు కాస్తున్నారత్తా," అన్నాడు ఎల్డన్.

"కాయనీ. చుక్క పెట్టానంటే అయిపోయిందని. ఇక ఆ అచ్చు జోలికి నేను కూడా వెళ్ళను. రోజులు పోయేకొద్దీ రంగు నల్లబడి పెళుసెక్కుతుంది, అదే గుర్తు."

మంచు కరిగింది. ఒక పొద్దున ఎల్డన్ ఆలస్యంగా వచ్చాడు. చొక్కా చేతులకి నెత్తురూ, ఉమ్మనీటి జిగురూ. వెనకాలే పిప్, తోకతో గుమ్మం కొడుతూ.

"అత్తా, రేపట్నించి కొన్నాళ్ళు రాలేను. ఈనడం మొదలైంది. రాత్రి కవలలు. గస్ దగ్గరకెళ్ళి వీణ్ణి తెచ్చేసుకున్నా. గస్ ఏడుపు మొహం పెట్టాడు."

"అట్లు తిన్నావా?"

"నేనే వేసుకున్నా. మాడిపోయాయి. తిన్నా."

థోరా అత్త పట్టకారు కింద పెట్టింది. కుక్కని చూసింది. ఎల్డన్‌ని చూసింది. మళ్ళీ కుక్కని చూసింది.

"అన్నట్టు, నీ తుపాకికి కుదిరింది," అంది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఇప్పుడా? ఇవాళ కాల్చనేలేదుగా!"

"కొన్ని కాల్చకపోయినా తెలుస్తాయి."

ఆ మాట థోరా అత్త నోట వినడం, మోంటానాలో కొబ్బరిచెట్టు చూడటం ఒకటే. ఆవిడ తుపాకి తేవడానికి లోపలి గదిలోకి వెళ్ళింది. ఎల్డన్ బల్ల మీది తన అచ్చు దగ్గరికి వెళ్ళి, జలుబు గుడ్డపట్టీని మెల్లగా విప్పాడు.

మర మీద ఎర్రచుక్క ఉంది. కొత్తది కాదు. నల్లబడి, బీటలు వారి, అంచుల్లో దుమ్ము పట్టి ఉంది. పక్కనున్న గస్ అచ్చు మీది చుక్క ఇంకా నిగనిగలాడుతోంది.

నవంబరులోనే కుదిరింది. మూడు రోజులంటే మూడు రోజుల్లోనే. అయితే ఆ అయిదోది వారం వారం ఎందుకు తప్పుకునేది? నాలుగింటిని ఒకే చిల్లులో దూర్చగల ముసలావిడ అయిదోదాన్ని చలికాలమంతా పనిగట్టుకుని పక్కకి కొట్టింది. ఒక్క పలుకు తేడా వస్తే నిద్రపట్టని మనిషి.

పట్టీ మళ్ళీ ఎలా ఉందో అలాగే చుట్టేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తా, ఆ అయిదోది ఎందుకు తప్పుకునేదో తేలిందా?"

"గాలి," అంది ఆవిడ, తుపాకిని బల్ల మీద పెడుతూ.

"గాలి లేని రోజున కూడా తప్పుకుందే?"

"మోంటానాలో గాలి లేని రోజు ఎక్కడ చూశావురా?" కళ్ళజోడు మీంచి అతన్ని చూసింది. పట్టీ ముడి ఎడమ వైపు నుంచి కుడి వైపుకి వచ్చిందని ఆవిడ కంట పడకుండా ఉంటుందా?  "సరే గానీ, ఎన్ని కావాలి? అప్పుడు ఒక్కటన్నావు."

ఎల్డన్ పిప్ చెవి నిమిరాడు.

"రెండు పెట్టెలు. ఒకటి ఈ గొర్రెపిల్లల కాపలాకి. ఒకటి వచ్చే చలికాలానికి."

"రెండోదానికి టైం పడుతుంది."

"తొందరేం లేదత్తా."

అతను మొదటి పెట్టె చంకలో పెట్టుకుని గుమ్మం దాటాడో లేదో, వెనకనుంచి కేక వినిపించింది.

"ఒరే ఆగు! ఆ పెట్టె ఇలా తే. ఒక్కసారి తూచి ఇస్తాను."

ఎల్డన్ పరుగందుకున్నాడు. ముందు కుక్క, వెనక ఎల్డన్, ఆ వెనక తక్కెడ చేతబట్టుకుని థోరా అత్త.